ఒకే మధ్యాహ్నం, రెండు టేబుళ్లు

నా పేరు సుజాత. మాది పిట్లం. బాన్సువాడలో బోధన్ రోడ్డు మీద ఒక మందుల షాపు పక్కన రెండు గదులు కిరాయికి తీసుకుని ఏడేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. నడుం ఆపరేషన్ అయినవాళ్లు మెట్లెక్కలేరు కాబట్టి, రోడ్డు మట్టానికి ఉన్న గది కోసం అప్పట్లో ఏడాది వెతికాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందిని పంపేది ఊళ్లో ఈమధ్య కట్టిన ఒక ప్రైవేటు దవాఖాన. దాని పేరు రాయను. రెండు వారాలకోసారి శనివారం నాడు హైదరాబాద్ నుంచి డాక్టర్ తారాచంద్ అక్కడికి వచ్చి వెన్నుపూస ఆపరేషన్లు చేసేవారు. ఆయన వచ్చి వెళ్లిన పది పన్నెండు రోజులకు నా గదిలో కూర్చోవడానికి చోటుండేది కాదు.

పోయిన ఆగస్టులో, వానకాలం నాట్లు అయిపోయిన తర్వాత, ప్రేమల అనే ఆమెను భర్త ఎల్లన్న, కూతురు వందన చెరోవైపు పట్టుకుని తీసుకొచ్చారు. గుమ్మం దగ్గర పరిచిన గోనెపట్టాకు ఆమె కుడికాలి వేళ్లు తట్టుకున్నాయి. పాదం పైకి లేవడం లేదు. అడుగు వేయాలంటే మోకాలు ఎత్తి, పాదాన్ని దబ్బున కింద పడేస్తోంది. ఈ నడకను నేను ముందూ చూశాను. చూసిన ప్రతిసారీ నాకు ముందు గుర్తొచ్చేది ఒకటే, కాలి పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతిన్నది అని.

ప్రేమలకు యాభై ఒక్కటి. వర్ని కాలువ కింద ఒక ఊరు. ముప్పై ఐదేళ్లుగా నాట్లేసిన మనిషి, పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపుకు పెద్ద. సీజన్ మొదలు కాకముందే ఆ చుట్టుపక్కల రైతులు ఫోన్ చేసేది ఆమెకే. రెండేళ్ల నుంచి నడిస్తే రెండు కాళ్లూ మొద్దుబారేవి. ఆదివారం ఇంటి నుంచి చర్చికి పోయేలోపు రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చేది. కూర్చుంటే తగ్గేది, లేస్తే మళ్లీ వచ్చేది. వెన్నుపూసల మధ్య నరాలు పోయే దారి ఇరుకైతే ఇలాగే ఉంటుంది. నిజామాబాద్‌లో స్కానింగ్ తీయిస్తే అదే రాశారు.

ఆపరేషన్ అంటే ఆమె ఏడాది పాటు వద్దంది. చివరికి ఒప్పించింది డాక్టర్ తారాచంద్. ఆ సంగతి వందన నాకు మొదటిరోజే చెప్పింది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని, భయపడకమ్మా, మొదటినుంచి చివరిదాకా నేనే చేస్తాను అన్నారట. వందన బాన్సువాడ రిజిస్ట్రేషన్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. కాగితాలు చదవడం ఆమె పని. సంతకం పెట్టే ముందు దవాఖాన ఇచ్చిన ప్రతి పేజీ చదివింది. ఆయన చెప్పినదానికి తేడాగా అందులో ఏమీ కనిపించలేదు.

ఆపరేషన్ తర్వాత మత్తు దిగింది. ఎడమకాలు కదిలింది. కుడి మోకాలు కదిలింది. పాదం మాత్రం కదల్లేదు. నరానికి వాపు ఉంటుంది, మెల్లగా వస్తుంది అన్నారు డ్యూటీ డాక్టర్లు. తారాచంద్ అప్పటికే హైదరాబాద్ బయలుదేరారు. ఫోన్‌లో ఆయన కూడా అదే మాట చెప్పారు. నేనూ అదే అన్నాను. అబద్ధమేం కాదు. చాలామందికి వస్తుంది కూడా. పాదం కిందికి జారకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ వేసి, రోజూ చేయాల్సిన వ్యాయామాలు నేర్పాను.

ఆమె ఒక్కరోజు కూడా మానలేదు. చెప్పినదానికంటే రెండు ఎక్కువే చేసేది.

అదే వారంలో మహమ్మద్ నగర్ దగ్గరి ఊరి నుంచి పండరి అనే రైతు కూడా రావడం మొదలుపెట్టాడు. చెరకు, వరి వేసే కుటుంబం. నలభై ఐదేళ్లుంటాయి. పూస జారి, ఆరునెలలు మంచం మీదే ఉన్న మనిషి. స్క్రూలు వేసి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు భార్య అంబికతో కలిసి తన కాళ్ల మీద తను నడిచి వచ్చాడు. ఫోన్ తెరిస్తే తారాచంద్ ఫొటో ఉండేది. వాళ్లింట్లో దేవుడి గూట్లో కూడా ఒకటి పెట్టారని అంబిక చెప్పింది. ఆపరేషన్‌లో రక్తం చాలా పోయిందట, బతకడమే కష్టమనుకున్నారట.

ఒకరోజు ఇద్దరూ పక్కపక్క మంచాల మీద పడుకుని వ్యాయామం చేస్తున్నారు. పండరి డాక్టరు గురించి చెప్తున్నాడు. "సార్ మూడు గంటలు నా దగ్గర్నించి కదలలేదంట. నర్సమ్మ చెప్పింది," అన్నాడు. ప్రేమలకు సంతోషమైంది. తనకు కూడా ఆయనే చేశారని, అది కూడా అదే శనివారమని చెప్పింది. ఇద్దరూ ఒకే రోజు ఒకే చేతి కింద పడ్డామని నవ్వుకున్నారు. ఆ మాట నా చెవిన పడింది. అంతకుమించి ఆలోచించలేదు.

నెలకోసారి రోగుల ఫైళ్లు ముందేసుకుని ఎవరికెంత మెరుగైందో రాసుకుంటాను. సెప్టెంబరు మొదటివారంలో ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేరు. పండరి ఫైలు తెరిచాను. ఆపరేషన్ నోట్స్‌లో సర్జన్ డాక్టర్ తారాచంద్, మొదలు పన్నెండు యాభై, ముగింపు నాలుగు పది అని ఉంది. తేదీ రాసుకుని పక్కన పెట్టి, ప్రేమల ఫైలు తెరిచాను. అదే తేదీ. సర్జన్ డాక్టర్ తారాచంద్. మొదలు ఒంటిగంటా ముప్పై, ముగింపు మూడు నలభై.

ఏదో తప్పు చదివాననుకున్నాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి మళ్లీ చదివాను. ఒంటిగంటన్నర నుంచి మూడు నలభై దాకా ఒక్క మనిషే రెండు గదుల్లో, రెండు వీపుల మీద పని చేసినట్టు ఉంది. రెంటి కిందా ఒకటే సంతకం. మూడు గంటలు నా దగ్గర్నుంచి కదల్లేదన్న పండరి మాట అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరేసి వచ్చాను. ఎందుకు వేశానో నాకే తెలియదు. ఎవరూ రాలేదు, ఎవరూ చూడలేదు. 

పెద్ద దవాఖానల్లో సీనియర్ సర్జన్లు రెండు థియేటర్లు నడపడం నాకు తెలియని సంగతి కాదు. జూనియర్లు కోత పెట్టి తెరుస్తారు, అసలు పని పెద్దాయన చేస్తాడు, కుట్లు మళ్లీ జూనియర్లు వేస్తారు. ఒక గదిలో కుట్లు పడుతుంటే ఇంకో గదిలో కోత మొదలవుతుంది. అలా అంచులు కలవడం వేరు. ఈ రెండు కాగితాల్లో కలిసింది అంచులు కాదు. ప్రేమల ఆపరేషన్ మొత్తం పండరి ఆపరేషన్ లోపల ఉంది.

నేను వెంటనే ఎవరికీ చెప్పలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఎనిమిది రోజులు నోరు మూసుకున్నాను. ఒక రోగి ఫైల్లో ఉన్నది ఇంకో రోగికి చెప్పకూడదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. సగం మంది రోగులు ఆ దవాఖాన నుంచే వస్తారన్నది కూడా నిజమే. ఆ ఎనిమిది రోజులూ ప్రేమల వచ్చింది. నేను ఆమె పాదం చేతిలో పట్టుకుని, ఎత్తు, ఇంకొంచెం ఎత్తు అంటూ, ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

తొమ్మిదో రోజు ఆమే అడిగింది. వందన ఆఫీసుకు పోయింది, ఎల్లన్న బయట ఉన్నాడు. నేను పాదం మీద కరెంటు పెట్టే మిషన్ సర్దుతున్నాను.

"మేడం, ఆపరేషన్‌ల మత్తిస్తే కలలు పడ్తయా?" అంది.

పడతాయి అన్నాను. ఏం కల అని అడిగాను.

ఆమెకు నడుము కిందిభాగానికి మాత్రమే మత్తు ఇచ్చారు. నిద్రకు వేరే ఇంజెక్షన్ ఇచ్చారు గాని మధ్యలో మెలకువ వచ్చిందట. బోర్లా పడుకుని ఉంది. నొప్పి లేదు. వీపు మీద ఎవరి చేతులూ లేవు. చల్లగాలి మాత్రం తగులుతోంది. గదిలో ఇద్దరో ముగ్గురో నిలబడి ఉన్నారు, ఎవరూ ఏమీ చేయడం లేదు. ఒక ఆడగొంతు, సార్ ఇంకెంత సేపు అని అడిగింది. ఒక మగగొంతు, పక్క రూంలో రక్తం ఆగడం లేదట, ఆగమన్నారు అంది. తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇంకా చాలాసేపయ్యాక, మత్తు దిగుతుంది సార్ అని ఎవరో అన్నారు. అప్పుడా మగగొంతు, సరే నేనే తీస్తా అంది. ఆ గొంతు తారాచంద్‌ది కాదు. పడుచు గొంతు. ఆ తర్వాత ఆమెకు మళ్లీ నిద్ర పట్టింది.

"కలనే అనుకున్న. ఈపు తెరిసిపెట్టి ఎవ్వలన్న గట్ల నిలబడ్తరా అని ఎవ్వలికి చెప్పలే," అంది.

నేను మిషన్ ఆపేశాను.  ఆమె నా ముఖం చూసి లేచి కూర్చుంది. అది కల కాదని నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది. ఏడవలేదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి, చీర మీదుగా, కుట్లు పడ్డ చోటును ఒకసారి తడిమి చూసుకుంది.

సాయంత్రం వందన వచ్చాక నేను ఒక్కటే చెప్పాను. ఆపరేషన్ కేస్ షీటు మొత్తం, మత్తు డాక్టరు రాసిన చార్టుతో సహా, కాపీ అడిగి తీసుకో అన్నాను. రోగి అడిగితే డెబ్బై రెండు గంటల్లో ఇవ్వాలన్న నియమం ఉంది. దవాఖానవాళ్లు మొదట రికార్డు రూం తాళం లేదన్నారు, తర్వాత మేనేజరు లేడన్నారు. వందన రాతపూర్వకంగా అడిగి, దరఖాస్తు ముట్టినట్టు ముద్ర వేయించుకుని వచ్చింది. నాలుగో రోజు కాపీలు చేతికిచ్చారు. నేరుగా నా దగ్గరికే తెచ్చింది.

మత్తు డాక్టరు నిజాయితీగా రాశాడు. ఐదేసి నిమిషాలకు ఒక గడి. బీపీ, నాడి, పక్కన చిన్న అక్షరాల్లో జరిగినవి. ఒంటిగంటా ముప్పైకి వెన్నులో మత్తు. రెండు ఐదుకు ఎముక కనపడింది, సీనియర్ సర్జన్ కోసం ఆగాం. రెండు పదిహేను, ఆగాం. రెండు ముప్పై, ఆగాం. రెండు నలభై ఐదు, డాక్టర్ హన్మంతు మొదలుపెట్టారు. మూడు ఇరవై ఐదు, డాక్టర్ తారాచంద్ వచ్చారు, చూశారు, కుట్లు వేయమన్నారు. మూడు ముప్పై, వెళ్లిపోయారు.

వందన ఆ కాగితం మీద నుంచి కళ్లు తీయలేదు. "ఐదు నిమిషాలు," అంది. "మా అమ్మకాడ ఆయన ఉన్నది ఐదు నిమిషాలు."

అమ్మ విన్నానన్న ఆ పక్క రూంలో ఉన్నది ఎవరని అడిగింది. నేను చెప్పలేదు. కానీ అడగకుండానే తెలిసిపోయే సంగతి అది. ఆ శనివారం తనకు బోలెడంత రక్తం పోయిందని పండరి ఎన్నిసార్లు చెప్పలేదు? మర్నాడు పండరి వచ్చినప్పుడు నేను అతన్ని పక్కకు పిలిచి, నీ ఫైలు గురించి ఒక మాట ఇంకొకరికి చెప్పవచ్చా అని అనుమతి అడిగాను. ఎందుకు అన్నాడు. చెప్పాల్సి వచ్చింది. అంబిక కూడా విన్నది.

పండరి మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. అయితే సార్ నా దగ్గర ఉండబట్టే ఆమెకు అట్ల అయ్యిందా అని అడిగాడు. అలా ఖచ్చితంగా చెప్పలేమన్నాను. అతను వినలేదు. ఆమె వీపు తెరిచి ఎన్ని నిమిషాలు ఆగారో చెప్పమన్నాడు. నలభై అన్నాను.

"ఆ నలభై నిమిషాలు నాయి," అన్నాడు పండరి.

అంబికకు కోపం వచ్చింది. ఆ కోపం నా మీద. తన భర్తను బతికించిన మనిషి మీద ఇలాంటి మాటలు ఎందుకు పుట్టిస్తున్నారని అడిగింది. ఆ రోజు ఆయన వదిలేసి పక్క గదికి పోయి ఉంటే నేను తెల్లచీర కట్టుకునేదాన్ని అంది. అది అబద్ధం కాదు. భర్త చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. రెండు వారాలు ఇద్దరూ రాలేదు.

తారాచంద్ వచ్చే శనివారం ప్రేమల, ఎల్లన్న, వందన దవాఖానకు పోయారు. వందన తోడు రమ్మంటే నేనూ పోయాను. ఆయన మమ్మల్ని వెంటనే లోపలికి పిలిచారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. అలసిపోయిన మనిషిలా కనిపించారు. మత్తు డాక్టరు చార్టు చూసి, ఉన్నదే రాశాడు అన్నారు.

ఆయన చెప్పినది ఇది. పండరికి పూసల లోపలి సిరలు చిట్లి రక్తం ఆగలేదు. వదిలి వచ్చే వీలు లేదు. రెండు టేబుళ్లు నడపడం కొత్త కాదు, అన్ని దేశాల్లో చేస్తారు, అలా చేసినందుకు ఫలితాల్లో తేడా రాలేదని పరిశోధనలు ఉన్నాయి. పక్షానికి ఒక్కరోజు వస్తాను, బయట యాభై మంది ఎదురుచూస్తుంటారు, ఒక్కొక్కరికే చేస్తే సగం మంది నొప్పితో ఇంకో రెండు నెలలు ఆగాలి. పాదం సంగతి ఆపరేషన్ లేకపోయినా జరగవచ్చు, అంతగా నలిగిన నరం అది.

నేను తర్వాత ఆ పరిశోధనలు వెతికి చదివాను. తేడా లేదని రాసినవి నిజంగానే ఎక్కువ ఉన్నాయి. కొన్ని రకాల రోగులకు ప్రమాదం పెరిగిందని రాసినవీ ఉన్నాయి. కానీ అవన్నీ సీనియర్ సర్జన్ అసలు పని వేళకు ఆ గదిలో ఉంటాడన్న లెక్క మీద నడిచేవే.

అంతా విన్నాక ఎల్లన్న మొదటిసారి నోరు విప్పాడు. వర్ని రోడ్డులో రైసుమిల్లులో హమాలీ ఆయన. ఎప్పుడూ రెండు మాటలకు మించి మాట్లాడడు. మీరు చెయ్యలేనప్పుడు ఇంకో రోజు చేస్తమని ఎందుకు చెప్పలేదు సారూ అని అడిగాడు. తారాచంద్ చార్టును తిరిగి వందన వైపు జరిపారు. వందన ఆపరేషన్ నోట్స్ ముందు పెట్టి, ఇక్కడ మీరే చేసినట్టు ఎందుకు ఉంది అని అడిగింది. అది టైప్ చేసి పెట్టుకున్న ఫారం, తేదీ, టైము మాత్రం మారుస్తారు అన్నారాయన. ఆ మాట అన్నాక తన మాట తనకే వినపడినట్టు, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

 బయటికి వచ్చి ఆటోలో కూర్చున్నాక ప్రేమల, నాకు అన్నిటికంటే ఏ మాట ఎక్కువ తగిలిందో తెలుసా మేడం అంది. యాభై మంది ఎదురుచూస్తున్నారన్న మాట. అందులో తనూ ఒకతేనని, వాళ్లందరినీ బాగుచేయాలనే ఆయన అలా చేశాడని అనిపించి, తిట్టడానికి నోరు రాలేదట.

తర్వాతి బుధవారం పగలు, అన్నం వేళకు, నా గది ముందు ఒక మోటారు సైకిలు ఆగింది. దిగింది డాక్టర్ హన్మంతు. బిచ్కుంద వైపు వాడు. ముప్పై దాటి ఉండవు. ప్రేమల లోపల వ్యాయామం చేస్తోందని తెలిసే వచ్చాడు. వందన కూడా ఉంది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అమ్మా, ఆ రోజు మీ ఆపరేషన్ చేసింది నేను," అన్నాడు.

ఆ గొంతు వినగానే ప్రేమల మంచం అంచును గట్టిగా పట్టుకుంది. తాను విన్న పడుచు గొంతు అదే.

అతను ఆపకుండా చెప్పుకుపోయాడు. ఆగమన్నారు, ఆగాను. రెండుసార్లు పక్క గదికి మనిషిని పంపాను, ఆగు అనే జవాబు వచ్చింది. మత్తు ఇంకో గంటకు మించి ఉండదు. కుట్లు వేసి బయటికి పంపుదామా అంటే, మళ్లీ ఇంకోసారి కోత పెట్టాలి. ఆ పని అంతకుముందు సార్ పక్కన నిలబడి చాలాసార్లు చేశాను. ఒంటరిగా ఎప్పుడూ చేయలేదు. నరం మీద ఎముక చాలా గట్టిగా అతుక్కుని ఉంది.

నీ చెయ్యి తగిలిందా అని వందన అడిగింది.

"నాకు తెల్వది. ఎముక తీసేటప్పుడు నరం మీద పరికరం ఆనింది. ఆనకుండ తియ్యలేం. ఎక్కువ ఆనిందా, ముందే నలిగి ఉండెనా... ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తెల్వది." అన్నాడు.

నాకు ఆ క్షణంలో అతని మీద కోపం రావాలి. రాలేదు.  ఇన్ని రోజులూ ఎవరో ఒకరికి నిజం తెలిసి ఉంటుంది, అది దాస్తున్నారు అనుకున్నాం. చేసిన మనిషికే తెలియదు. ఇంక ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

ప్రేమల అతని వైపు తిరిగింది. అప్పుడే ఎందుకు చెప్పలేదు కొడుకా అని అడిగింది. వార్డులో మర్నాడు పొద్దున మీ పాదం చూసింది నేనే, చెప్పాలనుకున్నాను, వాపు అని చెప్పి వచ్చేశాను అన్నాడు. ఎవరైనా విచారణకు అడిగితే ఇదే మాట రాసిస్తానన్నాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు, తిట్టలేదు. అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. వచ్చినవాళ్లను ఆ మాట అడగకుండా ఆమె ఎప్పుడూ పంపలేదని వందన తర్వాత అంది.

వందన జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు రాసింది. నేను సాక్షిగా సంతకం పెట్టాను. ఆ వారం నుంచే దవాఖాన నా దగ్గరికి రోగులను పంపడం మానేసింది. ఫిర్యాదులో రెండో ఆపరేషన్ కాగితం లేకపోతే సగమే ఉన్నట్టు. దాని కోసం పండరిని అడగడానికి వందనకు మనసు రాలేదు. అడగాల్సిన పని కూడా రాలేదు. ఒక పొద్దున అతనే ఒక్కడు బస్సు దిగి వచ్చి ఫైలు నా టేబుల్ మీద పెట్టాడు. అంబిక వద్దన్నదని, రెండు రోజులు తనతో మాట్లాడలేదని చెప్పాడు.

"ఆయన నన్ను బతికిచ్చిండు. గా మాట నేను రాసిస్త. ఆ అక్కను వదిలేసిండు. గా మాట గూడ రాసిస్త," అన్నాడు.

నవంబరు మధ్యలో విచారణకు ముగ్గురు డాక్టర్లు వచ్చారు. దవాఖాన పై అంతస్తులో, పొడవాటి టేబుల్ ఉన్న గదిలో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా జరిగింది. హన్మంతు చెప్పినట్టే రాసిచ్చాడు. తారాచంద్ కూడా ఏదీ కాదనలేదు. రెండు చార్టులూ పక్కపక్కన పెట్టినప్పుడు, టీంలో పెద్దావిడ ఒకసారి గడియారం పెట్టుకున్న తన చెయ్యి చూసుకుని, మళ్లీ కాగితాలు చూసింది. నేను సెప్టెంబరులో నా గదిలో చూసిన చూపే అది.

అంబికను సాక్ష్యానికి ఎవరూ పిలవలేదు. భర్తతో వచ్చింది గాబట్టి టీంలోని ఆ పెద్దావిడే ఆమెను అడిగారు, ఆ రోజు బయట కూర్చుని మీరేం చూశారమ్మా అని.  అంబిక, రెండు థియేటర్ల తలుపులూ ఒకే వరండాలోకి ఉంటాయని, తాను రెండో తలుపు దగ్గర ఒక ముసలాయన, ఒక పిల్ల కూర్చుని ఉంటే చూశానని చెప్పింది. తమ తలుపులోంచి నర్సులు రక్తం సంచుల కోసం ఉరుకుతుంటే, ఆ పిల్ల లేచి వచ్చి తనకు నీళ్ల బాటిల్ ఇచ్చిందట. ఆ పిల్ల తల్లే లోపల ఉందని, ఆమె దగ్గర డాక్టరు లేడని అప్పుడు తనకు తెలియదు. తెలిస్తే ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలుస్తలేదు అంది. వందన ఆమె వైపు తిరిగి చూసింది. నీళ్లిచ్చిన సంగతి తనే మరిచిపోయింది.

చివర్లో ప్రేమలను, నీకేం కావాలమ్మా అని అడిగారు. అందరూ శిక్ష గురించి చెప్తుందనుకున్నారు.

"నా ఈపు తెరిసింది ఎవ్వలో నాకు చెప్పాలె గద సారూ. ముందే చెప్తే నేను ఒప్పుకుందునో ఒప్పుకోకపోదునో. నన్ను అడగాలె గద," అంది.

నివేదిక వచ్చేసరికి సంక్రాంతి దాటి యాసంగి నాట్లు మొదలయ్యాయి. పాదం దెబ్బ ఎవరి చేతి వల్ల జరిగిందో తేల్చలేమని రాశారు. రోగికి చెప్పకపోవడం, పూర్తిగా రెండు ఆపరేషన్లు ఒకే వేళకు పెట్టడం, జరగనిది జరిగినట్టు నోట్స్‌లో రాయడం తప్పులని రాశారు. డాక్టర్ తారాచంద్ విషయం మెడికల్ కౌన్సిల్‌కు పోయింది, ఇంకా అక్కడే ఉంది. ఆయన బాన్సువాడ రావడం మానేశారు. హన్మంతు నాందేడ్‌లో చేరాడని విన్నాను. దవాఖానలో ఇప్పుడు ఒక సర్జన్ పేరు మీద ఒకే వేళకు రెండు థియేటర్లు ఇవ్వడం లేదు. ఒప్పుకోలు కాగితంలో, మీ ఆపరేషన్‌లో ఏ భాగం ఎవరు చేస్తారు అని తెలుగులో ఒక గడి పెట్టారు. నడుం నొప్పితో ఎదురుచూసేవాళ్లు ఇప్పుడు నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో పోతున్నారు. వాళ్లలో కొందరు నన్ను తిట్టుకుంటారని నాకు తెలుసు.

ప్రేమల పాదం కొంచెం లేస్తోంది. స్ప్లింట్ వేసుకుని చదును నేల మీద బాగానే నడుస్తుంది. బురదలో మాత్రం నిలబడలేదు, పాదం దిగితే పైకి రాదు. ఈ యాసంగిలో గుంపును ఇంకొకామెకు అప్పగించి, తను గట్టు మీద కూర్చుని నారు కట్టలు విప్పి అందిస్తోంది. అక్కణ్నుంచే వరసలు వంకర పోతే అరుస్తుందట.

నవంబరులో విచారణ అయిన రోజు మధ్యాహ్నం మేమంతా దవాఖాన మెట్లు దిగాం. వందన ఆటో పిలిచింది. ఆటో మెట్టు ఎత్తుగా ఉంది. ప్రేమల ఎడమకాలు పెట్టి ఎక్కింది గాని కుడిపాదం అంచుకు తట్టుకుని కిందే ఉండిపోయింది. నేను వంగేలోపు అంబిక ముందుకు వచ్చింది. సెప్టెంబరులో కోపంతో వెళ్లినప్పటి నుంచి ఆ రోజు దాకా ప్రేమలతో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో ఆ పాదాన్ని పట్టుకుని, పైకెత్తి, మెల్లగా ఆటో లోపల పెట్టింది. ప్రేమల ఆమె భుజం మీద చెయ్యి వేసి, జరిగి కూర్చుంది.

"నువ్వు గూడ ఎక్కు," అంది. "బస్టాండు దాక పోదాం."

అంబిక ఎక్కింది. పండరి డ్రైవరు పక్కన కూర్చున్నాడు.